కాంపౌండరు గారి నుంచి క్లినికల్ ఫార్మసిస్టు దాకా

(ఇర్వింగ్ తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఇర్వింగ్‌లో ఇల్లు కొనుక్కున్న ప్రతివారికీ ఏటా శీతాకాలం మొదట్లో ఇంటి పన్ను బిల్లు వస్తుంది. నగరానికి ఇంత, బడికి ఇంత, కౌంటీకి ఇంత అని అందులో వరసగా ఉంటుంది. ఆ వరసల మధ్య పార్క్‌లాండ్ హాస్పిటల్ అని ఒక పద్దు కూడా కనిపిస్తుంది. "మనం ఎన్నడూ గుమ్మం తొక్కని ఆసుపత్రికి మనమెందుకు కట్టాలండీ?" అని మన వాళ్లు పార్టీల్లో అడుగుతూ ఉంటారు. ఎస్క్రో ఖాతా నుంచి బ్యాంకు వాళ్లే కట్టేస్తారు కాబట్టి, అసలు అలాంటి పద్దు ఒకటుందని తెలియని వాళ్లు ఇంకా ఎక్కువ.

ఈ వారం నా ప్రసంగం ఆ పద్దుతో మొదలుపెడతాను. సర్కారు వైద్యంలో మందు మామూలు మనిషి దాకా ఎలా చేరుతుంది, ఆ దారిలో ఫార్మసిస్టు ఎప్పుడు వచ్చి నిలబడ్డాడు, మన తెలుగు నేల మీద ఆ కథ ఎంతవరకు నడిచింది, ఇవీ నేను చెప్పదలచుకున్న సంగతులు. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టునీ కాను. కంప్యూటర్ కన్సల్టెంటుని. మందుల చీటీలు, బిల్లులు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వెళ్లే ప్రోగ్రాముల మీద కొన్నాళ్లు పనిచేశాను. ఆ పనిలో ఉండగా పుట్టిన ఆసక్తితో చదివి తెలుసుకున్నవే ఇవన్నీ.

పార్క్‌లాండ్ ఆసుపత్రి 1894లో డాలస్‌లో మొదలైంది. 1954లో ఇప్పుడున్న హ్యారీ హైన్స్ రోడ్డు మీదికి మారింది. కౌంటీ ప్రజల ఆస్తి పన్నుతో ఆసుపత్రిని నడపడానికి హాస్పిటల్ డిస్ట్రిక్ట్ ఏర్పడిందీ ఆ సంవత్సరమే. 1963లో కెనడీ గారిని కాల్చినప్పుడు తీసుకెళ్లింది అక్కడికే కనుక ప్రపంచమంతా ఆ పేరు విన్నది. 2015లో పాత భవనం ఎదురుగా కొత్త భవనం కట్టారు. కౌంటీలో పలుచోట్ల దానికి క్లినిక్కులున్నాయి, మన ఇర్వింగ్‌లో కూడా ఉంది. డాలస్ కౌంటీలో ఉంటూ ఆదాయం తక్కువైన వారికి, ఇన్సూరెన్సు లేనివారికి ఆదుకునే పథకం కూడా ఉంది. ఇటీవలి ఏళ్లలో ఇంటి విలువ ప్రతి వంద డాలర్లకు పావు డాలరు లోపే మనం దీనికి కడుతున్నాం.

ఈ పావు డాలరుతో మందులు ఎలా వస్తాయి? దీనికి 1992లో అమెరికా కాంగ్రెసు చేసిన ఒక చట్టం ఉంది. దాన్ని 340బి అంటారు. పేదవాళ్లకు ఎక్కువగా వైద్యం చేసే ఆసుపత్రులకు, క్లినిక్కులకు మందుల కంపెనీలు బాగా తగ్గించిన ధరకు మందులు అమ్మాలి. లేకపోతే ఆ కంపెనీల మందులకు మెడికెయిడ్ డబ్బు చెల్లించదు. పార్క్‌లాండ్ లాంటి కౌంటీ ఆసుపత్రులకు ఇది పెద్ద అండ.

ఇక జెనరిక్ మందుల సంగతి. 1984లో వచ్చిన హ్యాచ్ వాక్స్‌మన్ చట్టం, పేటెంటు గడువు తీరిన మందును వేరే కంపెనీలు తేలికగా తయారుచేసి అమ్ముకునే దారి తెరిచింది. ఇవాళ ఈ దేశంలో ఇచ్చే ప్రతి పది మందుల్లో తొమ్మిది జెనరిక్‌లే. చిత్రమేమిటంటే హైదరాబాదులో అంజిరెడ్డి గారు డాక్టర్ రెడ్డీస్ స్థాపించింది కూడా 1984లోనే. ఆయన అంతకు ముందు 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేశారు. బాలానగర్‌లోని ఆ ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నవాళ్లు, 1970 నాటి భారత పేటెంటు చట్టం ఇచ్చిన వెసులుబాటు, రెండూ కలిసి హైదరాబాదును మందుల ఊరుగా చేశాయి. ఇర్వింగ్ ఫార్మసీలో మీరు తీసుకున్న సీసా మీద చిన్న అక్షరాల్లో తయారైన చోటు చదవండి. చాలాసార్లు మన ఊరి పేరో, మన పక్క ఊరి పేరో ఉంటుంది.

నిల్వకూ కొదవ లేదు. మన లాస్ కొలీనాస్‌లోనే మెకెసన్ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. 1833లో న్యూయార్కులో మందుల దుకాణంగా పుట్టిన ఈ సంస్థ, 2019లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఇర్వింగ్‌కి మకాం మార్చింది. దేశంలోని అతిపెద్ద మందుల పంపిణీదారుల్లో ఇది ఒకటి. గోదాము నుంచి షాపుకి మందును తెల్లారేసరికి చేర్చడం వీళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

అంటే ధర తగ్గించే చట్టం ఉంది, తయారుచేసే హైదరాబాదు ఉంది, చేరవేసే లారీ ఉంది. అయినా మందు మనిషికి చేరిందని అనలేం. కౌంటరు మీది నుంచి నోటి దాకా ఇంకో మూడడుగుల దారి మిగిలి ఉంటుంది. ఏ మాత్ర దేనికో తెలియక, తిన్నాక వేసుకోవాలో తినకముందో తెలియక, నాలుగు రోజులకు తగ్గిందనిపించి మానేసి, నోటి దాకా వచ్చిన కూడు జారిపోయినట్టు ఎన్నో మందులు అక్కడే జారిపోతాయి. ఈ మూడడుగుల దారికి కాపలాదారే క్లినికల్ ఫార్మసిస్టు. మందులు లెక్కపెట్టి ఇవ్వడంతో ఆగకుండా, రోగి కేసు షీటు చూసి, మందుకూ మందుకూ పడుతుందో లేదో చూసి, డాక్టరుతో మాట్లాడి, రోగికి వివరించి చెప్పే ఫార్మసిస్టుని అలా అంటారు.

ఈ పని అమెరికాలో మొదటి నుంచీ ఉందనుకుంటే పొరపాటే. 1951లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు వేరు, చీటీ లేకుండా కొనుక్కోగలిగినవి వేరు అని ఇక్కడ చట్టం విడదీసింది. ఆ చట్టం తెచ్చిన డర్‌హామ్, హంఫ్రీ ఇద్దరూ స్వయంగా ఫార్మసిస్టులు. ఆ హంఫ్రీయే తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు. కానీ ఆ మరుసటి ఏడు, 1952లో, ఫార్మసిస్టుల జాతీయ సంఘం రాసుకున్న నీతి నియమావళిలో ఏముందో తెలుసా? చీటీలో రాసిన మందులో ఏముందో, అది ఏం చేస్తుందో ఫార్మసిస్టు రోగితో చర్చించకూడదని! అడిగితే డాక్టరు దగ్గరికి వెళ్లమనాలి. సీసా మీద మందు పేరు కూడా చాలాసార్లు ఉండేది కాదు. నాలుగేళ్లు మందుల గురించి చదివిన మనిషిని పెట్టుకుని, అతని నోటికి తాళం వేశారన్న మాట. ఈ నియమం 1969 దాకా పోలేదు.

ఆ తాళాన్ని ముందుగా తీసినవాళ్లలో ఒకరు వర్జీనియాలోని బెరీవిల్ అనే చిన్న ఊళ్లో షాపు నడిపిన యూజీన్ వైట్. 1960లో ఆయన తన షాపులోంచి సోడాలు, సబ్బులు తీసేసి, దాన్ని డాక్టరు ఆఫీసులా మార్చి, ప్రతి కుటుంబానికీ ఒక కార్డు తెరిచాడు. ఎవరు ఏ మందు వాడుతున్నారో, ఎవరికి ఏది పడదో ఆ కార్డులో రాసుకునేవాడు. ఇవాళ మన ఫార్మసీ కంప్యూటర్లో కనిపించే ప్రొఫైలుకి తాతగారు ఆ అట్టకార్డే.

సర్కారు వైద్యంలో ఈ మార్పు ఇంకా గట్టిగా జరిగింది. ఎక్కడో చెబితే ఆశ్చర్యపోతారు. ఇండియన్ హెల్త్ సర్వీసులో. అంటే మన ఇండియన్లు కాదు, ఇక్కడి ఆదివాసుల కోసం ప్రభుత్వం నడిపే వైద్య సేవ. 1955లో అది ప్రజారోగ్య శాఖ కిందికి వచ్చింది. రిజర్వేషన్లలో డాక్టర్లు తక్కువ, దూరాలు ఎక్కువ, భాష వేరు. 1960ల్లో అక్కడి ఫార్మసిస్టులు ఒక కొత్త పద్ధతి పెట్టారు. చీటీ మాత్రమే చూసి మందు ఇవ్వడం మానేసి, రోగి కేసు షీటు మొత్తం తెప్పించుకుని చదివి ఇవ్వడం మొదలుపెట్టారు. రోగిని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఉపన్యాసం ఇవ్వకుండా మూడే ప్రశ్నలు వేసే పద్ధతి కూడా ఆ సేవలోనే రూపుదిద్దుకుంది. ఈ మందు దేనికని డాక్టరు మీకు చెప్పారు? ఎలా వేసుకోమన్నారు? వేసుకుంటే ఏం జరుగుతుందని చెప్పారు? రోగి చెప్పే జవాబులో ఎక్కడ తేడా ఉందో అక్కడ సరిదిద్దేవారు. తెలిసిందే మళ్లీ చెప్పి విసిగించే పని లేదు. ఈ మూడు ప్రశ్నలనూ ఇప్పటికీ ఈ దేశపు ఫార్మసీ కాలేజీల్లో నేర్పుతారు. వీటిని కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో తొమ్మిదో అంతస్తు సర్జరీ వార్డులో ఫార్మసిస్టులను రాత్రింబగళ్లు ఉంచి చూశారు. డాక్టర్లు, నర్సులు వాళ్లను మందుల సంగతులు అడగడం అలవాటు చేసుకున్నారు. క్లినికల్ ఫార్మసీ అనే మాటకు ఊపిరి అక్కడ పోశారని చరిత్రకారులు అంటారు. ఆ తర్వాత 1990లో వచ్చిన కేంద్ర బడ్జెట్ చట్టం, మెడికెయిడ్ రోగులకు మందు ఇచ్చేటప్పుడు దాని గురించి వివరించే అవకాశం తప్పనిసరిగా ఇవ్వాలంది. 1993 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాలు ఆ నియమాన్ని అందరికీ వర్తింపజేశాయి. ఫార్మసీలో కార్డు గీకేటప్పుడు "ఫార్మసిస్టుని ఏమైనా అడగాలా?" అని అడుగుతారే, మనం వెనక క్యూ చూసి, ఏమీ లేదని బటన్ నొక్కి వచ్చేస్తామే, ఆ ప్రశ్న వెనక ఇంత కథ ఉంది. అది మొదట పేదల కోసం రాసిన చట్టం.

ఇవన్నీ బాగానే ఉన్నాయి, నిజంగా తేడా వస్తుందా అని మీరు అడగవచ్చు. దానికి మన డాలస్‌లోనే మొదలైన ఒక కథ చెప్తాను. రొనాల్డ్ విక్టర్ అనే గుండె వైద్యుడు ఇక్కడి యూటీ సౌత్‌వెస్టర్న్‌లో ఉండేవారు. నల్లజాతి మగవాళ్లలో బీపీ ఎక్కువ, డాక్టరు దగ్గరికి వెళ్లేది తక్కువ. కానీ క్షౌరశాలకు మాత్రం క్రమం తప్పకుండా వెళ్తారు. మన ఊళ్లో మంగలి షాపు ఊరి కబుర్లకు ఎలా కేంద్రమో వాళ్లకూ అంతే. అందుకని 2006 నుంచి 2008 దాకా డాలస్ కౌంటీలో 17 క్షౌరశాలల్లో ఒక పరీక్ష చేశారు. కొన్ని షాపుల్లో జుట్టు కత్తిరించేవాళ్లే బీపీ చూసి, ఎక్కువుంటే డాక్టరు దగ్గరికి వెళ్లమని నచ్చజెప్పేవారు. మిగతా షాపుల్లో కరపత్రాలు ఇచ్చారు. మొదటి రకం షాపుల్లో కొంత మెరుగు కనిపించింది, కానీ కొంతే. వెళ్లమన్నంత మాత్రాన మనిషి డాక్టరు దాకా వెళ్లడు, వెళ్లినా మందు సరిగ్గా కుదరదు.

తర్వాత విక్టర్ గారు లాస్ ఏంజెలెస్ వెళ్లి, అదే పరీక్షను ఒకే ఒక్క పెద్ద మార్పుతో మళ్లీ చేశారు. ఈసారి క్షౌరశాలకే ఫార్మసిస్టుని పంపారు. రోగి డాక్టరుతో ముందే చేసుకున్న ఒప్పందం ప్రకారం ఫార్మసిస్టే అక్కడ బీపీ చూసి, మందు రాసి, మోతాదు మార్చి, రక్తపరీక్షలు చూసేవారు. 52 షాపులు, 319 మంది. ఫలితాలు 2018లో వచ్చాయి. ఆరు నెలల్లో ఫార్మసిస్టు వచ్చిన షాపుల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు పడిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పి వదిలేసిన షాపుల్లో 9 పాయింట్లే. బీపీ అనుకున్న మట్టానికి వచ్చినవాళ్లు ఒకచోట నూటికి దాదాపు 64 మంది, ఇంకోచోట 12 మంది. వాడిన మందులు కొత్తగా కనిపెట్టినవి కావు, మామూలు బీపీ బిళ్ళలే. విక్టర్ గారు ఆ ఏడాదే కన్నుమూశారు.

ఇక మన నేలకు వద్దాం. ఇక్కడివన్నీ విన్నాక, మన దగ్గర ఆ మూడడుగుల దారిలో ఎవరున్నారో చూడాలి కదా.

మన అమ్మమ్మల కాలంలో ధర్మాసుపత్రి అంటే డాక్టరు గారితో పాటు కాంపౌండరు గారు. గాజు సీసాలో ఎర్రటి మిక్చరు పోసి, పక్కన మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం అంటించి, "పూటకి ఒక మెట్టు తాగమ్మా" అని చెప్పే కాంపౌండరు గారు. అక్షరం రాని మనిషికి కూడా మోతాదు తెలియజెప్పిన ఆ కాగితం ముక్క చాలా గొప్ప ఉపాయం. చదువు తక్కువైనా ఆయనకు ఊరందరి పేర్లూ తెలుసు, ఎవరికి ఏం జబ్బో తెలుసు.

చదువుకున్న ఫార్మసిస్టు కావాలని 1930-31లో చోప్రా కమిటీ చెప్పింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ గారు 1932లో ఫార్మసీ చదువుకు నాంది పలికారు. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లోనే ఫార్మసీ విభాగం పెట్టారు. అంటే ఈ చదువులో మనం వెనకబడిన వాళ్లం కాదు. కానీ ఆ చదువు మందుల తయారీ చుట్టూ తిరిగింది. చదివినవాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లారు, మెడికల్ రిప్రజెంటేటివ్‌లయ్యారు, కొందరు మనలాగే విమానం ఎక్కారు. సర్కారు ఆసుపత్రి మందుల కిటికీలో కూర్చున్న ఫార్మసిస్టుకి మాత్రం ఎదురుగా పొడుగాటి క్యూ, చేతిలో కత్తెర, పక్కన స్టాకు రిజిస్టరు. స్ట్రిప్పు కత్తిరించి ఇవ్వడానికే పొద్దు చాలదు, ఇక వివరించేదెప్పుడు?

నిల్వ సంగతిలో మన పక్క రాష్ట్రం తమిళనాడు దారి చూపింది. 1994లో ఒక మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టి, మందులన్నీ ఒకేచోట టెండరు పిలిచి కొని, జిల్లా గోదాములను కంప్యూటర్లతో కలిపి, ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు పాసుపుస్తకం లాంటిది ఇచ్చారు. ఎంత విలువ మందులు వాడుకున్నారో, ఇంకెంత మిగిలిందో అందులో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1987లో ఆసుపత్రి భవనాల కోసం ఏర్పడిన కార్పొరేషనే తర్వాత మందుల కొనుగోలు కూడా చేపట్టింది. రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా రెండు కార్పొరేషన్లు ఉన్నాయి. ఈ-ఔషధి అనే సాఫ్ట్‌వేరుతో గోదాముల లెక్క చూస్తున్నారు. నా వృత్తి ఇదే కనుక చెబుతున్నాను. గోదాము నుంచి ఎన్ని మాత్రలు బయటికి వెళ్లాయో సాఫ్ట్‌వేరు చెప్పగలదు, ఎన్ని గొంతు దిగాయో చెప్పలేదు.

ఆ తేడా ఎంత పెద్దదో మనకు బోదకాలు నేర్పింది. బోదకాలుకి ఇచ్చే డైఇథైల్ కార్బమజీన్ మందు 1947లో ఎవరి బృందం నుంచి వచ్చిందో తెలుసా? మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, న్యూయార్కు దగ్గర లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించిన మహానుభావుడు. ఆయన పుట్టిన గోదావరి జిల్లాల్లో బోదకాలు తరతరాలుగా ఉన్న జబ్బు. 2004 నుంచి దేశంలోని బోదకాలు జిల్లాల్లో ఏటా ఈ మాత్రలను ఇంటింటికీ ఉచితంగా పంచారు. మాత్రలు ఇళ్లకు చేరాయి. కానీ చాలామంది తీసుకుని గూట్లో పెట్టారు, మింగలేదు. "నాకు కాలు వాచలేదు, నాకెందుకు?" అన్నవాళ్లు కొందరు, వేసుకుంటే జ్వరం వస్తుందని భయపడ్డవాళ్లు కొందరు. పంచిన లెక్క వేరు, మింగిన లెక్క వేరు అని అధికారులే గుర్తించి, ఎదురుగా నిలబడి మింగించమని ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. 2015 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని 2002 ఆరోగ్య విధానం అనుకుంది. ఆ గడువు దాటి, ఇప్పుడు 2027 అంటున్నారు. తెలుగువాడి మందు, పైసా ఖర్చు లేదు, ఇంటి గుమ్మం దాకా వచ్చింది, అయినా ఇన్నేళ్లు!

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 2004 ఏప్రిల్ 1న ఎయిడ్స్‌కు ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ కేంద్రాల్లో డాక్టరుతో పాటు కౌన్సెలర్, ఫార్మసిస్టు ఉంటారు. రోగి నెల నెలా వచ్చేటప్పుడు పాత సీసా తేవాలి. మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, ఎన్ని తప్పాయో, ఎందుకు తప్పాయో అడిగి, అప్పుడు కొత్తవి ఇస్తారు. ఇచ్చిన మాత్రకు, మింగిన మాత్రకు లెక్క కుదిర్చే పద్ధతి సర్కారు వైద్యంలోనే సాధ్యమని దీనివల్ల తేలింది. మరి బీపీకి, షుగరుకి, మూర్ఛకు ఈ పద్ధతి ఎందుకు లేదు?

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల భారాన్ని పేదల నెత్తి మీది నుంచి దించింది. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బుల పథకం, రోజువారీ మాత్రది కాదు. 2008లో రెండు సంగతులు జరిగాయి. చవక జెనరిక్ మందుల కోసం జన ఔషధి మొదటి దుకాణం అమృత్‌సర్‌లో తెరిచారు. అవి 2023 చివరికి దేశమంతటా 10,000 అయ్యాయి. అదే 2008లో ఆరేళ్ల ఫార్మ్‌డీ కోర్సు మొదలైంది. అంతకు ముందు మైసూరు, ఊటీ కాలేజీల్లో ఇలాంటి చదువు 1990ల్లో చిన్నగా మొదలైనా, దేశవ్యాప్తంగా క్లినికల్ ఫార్మసిస్టులను తయారుచేయడం ఈ కోర్సుతోనే. కనీసం 300 పడకల ఆసుపత్రితో ముడిపడి ఉంటేనే కాలేజీకి అనుమతి. చివరి ఏడాదంతా వార్డుల్లోనే. తెలుగు రాష్ట్రాల్లో ఈ కాలేజీలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు, రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అని స్పష్టంగా రాశాయి.

చదువు ఉంది, నిబంధన ఉంది. కుర్చీ మాత్రం లేదు. ఫార్మ్‌డీ చదివినవారి సంఖ్యతో పోలిస్తే ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు అనే పేరుతో ఉన్న కొలువులు బహు తక్కువ. 2018లో హైదరాబాదులో మొదలైన బస్తీ దవాఖానాలు పేదల వాడల్లోకి డాక్టర్ని తెచ్చాయి. అది నిజంగా మంచి పని. కానీ అక్కడి సిబ్బంది ప్రధానంగా డాక్టరు, స్టాఫ్ నర్సు, సహాయకులు. ఇంకో చిత్రం చూడండి. 2003 తర్వాత పట్టా పొందిన విదేశీ ఫార్మసిస్టులు అమెరికాలో లైసెన్సు పరీక్ష రాయాలంటే కనీసం అయిదేళ్ల కోర్సు చదివి ఉండాలని చాలా ఏళ్లు ఇక్కడ నియమం ఉండింది. మన నాలుగేళ్ల బీఫార్మసీ దానికి పనికిరాలేదు, ఆరేళ్ల ఫార్మ్‌డీ పనికొచ్చింది. కాబట్టి మన వార్డుల్లో తయారైన పిల్లల్లో కొందరికి దగ్గరి దారి వరంగల్ నుంచి డాలస్‌కే అయింది. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు, నేనూ ఆ విమానంలో వచ్చినవాణ్ణే. అక్కడ ఒక కుర్చీ వేసి ఉంటే ఎందరో అక్కడే కూర్చునేవారని మాత్రం అనగలను.

ఈ కుర్చీ ఎందుకంత అవసరమో మా ఇంట్లోనే ఒకసారి చూశాం. మా నాన్నగారు తెనాలి నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. సూట్‌కేసులో సగం పచ్చళ్లు, సగం మందులు. వచ్చిన వారానికి పాదాలు వాచాయి. "అంతసేపు విమానంలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు కదా, అదే అయ్యుంటుంది" అంది అమ్మ. ఎందుకైనా మంచిదని ఆయన స్ట్రిప్పులన్నీ ఒక కవరులో వేసుకుని ఇక్కడి ఒక ఫార్మసీకి తీసుకెళ్లాను. ఫార్మసిస్టు ఆమె ఓపిగ్గా ఒక్కొక్కటే తిప్పి చూసి, రెండు స్ట్రిప్పులు పక్కన పెట్టింది. పెద్ద అక్షరాల్లో పేర్లు వేరు, చిన్న అక్షరాల్లో రెండింటిలోనూ ఉన్నది ఆమ్లోడిపిన్. ఒకటి ఊళ్లో డాక్టరు రాసింది, ఇంకోటి టౌనులో గుండె డాక్టరు రాసింది. ఎవరికి వారు సరిగ్గానే రాశారు, ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. ఆ మందు మోతాదు పెరిగితే పాదాలు వాచవచ్చని చెప్పి, "మీ అంతట మీరు ఆపకండి, వాళ్ల డాక్టరుకి ఇవాళే ఫోన్ చేయండి" అంది. రాత్రి ఫోన్ చేస్తే డాక్టరు గారు ఒకటి తీసేయమన్నారు. కొన్ని వారాలకు వాపు తగ్గింది. దానికి ఆమె పైసా తీసుకోలేదు, పది నిమిషాలు మాత్రం ఇచ్చింది. తెనాలిలో మా ఇంటికి కూతవేటు దూరంలో మందుల షాపులు చాలానే ఉన్నాయి. ఆ పది నిమిషాలు ఇచ్చే మనిషే నాన్నగారికి దొరకలేదు.

ఇంతకీ మనం చేయగలిగింది ఏమిటి? చాలామంది మన సంఘాలు ఊళ్లో మెడికల్ క్యాంపులు పెడుతుంటాయి. మందులు ఉచితంగా పంచుతాం, ఫోటో దిగుతాం. ఈసారి క్యాంపు పెట్టేటప్పుడు దగ్గర్లో ఉన్న ఫార్మ్‌డీ కాలేజీ వాళ్లను పిలిచి, మందుల బల్ల పక్కన ఇంకో బల్ల వేయించండి. వాడుతున్న స్ట్రిప్పులన్నీ వెంట తెమ్మని ఊళ్లో ముందే చాటింపు వేయించండి. క్యాంపు మళ్లీ ఎప్పుడో తేదీ చెప్పి, ఆ తేదీకి వెళ్లండి. ఒక్కరోజు ఇచ్చిన బీపీ మాత్ర నెల తర్వాత ఎవరికీ పనికిరాదు. మీ ఊరి ప్రజాప్రతినిధి డాలస్ వచ్చినప్పుడు శాలువా కప్పుతారు కదా, అప్పుడు ఏరియా ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు సంగతి కూడా ఒకమాట అడగండి.

ఇక్కడ ఇర్వింగ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు దుబాసీని అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు భాషా సహాయం ఉచితంగా ఇవ్వాలని ఈ దేశపు చట్టం. చాలాచోట్ల ఫోన్ మీదే ఏర్పాటు చేస్తారు. ఫార్మసీలో ఆ ప్రశ్న అడిగినప్పుడు, ఏమీ లేదని నొక్కేయకుండా పక్కకు జరిగి ఒక్క నిమిషం నిలబడండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికి పైసా ఖర్చు లేదు. అడిగే హక్కు చట్టమే ఇచ్చింది.

చివరగా, గుర్తుపెట్టుకోమన్న ఆ మూడు ప్రశ్నలు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, తిన్నారా, పడుకున్నారా అని అడిగాక, అమ్మనో నాన్ననో మందుల డబ్బా దగ్గర పెట్టుకోమనండి. ఒక్కో మందూ తీయించి అడగండి. ఇది దేనికని చెప్పారు? ఎలా వేసుకోమన్నారు? వేసుకుంటే ఏమవుతుందన్నారు? జవాబు రానిచోట మీరు వైద్యం చేయకండి. ఆ మందు పేరు, చిన్న అక్షరాల్లో ఉన్న పేరు, ఒక కాగితం మీద రాయించి, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోమనండి. అక్కడ కుర్చీ పడేదాకా, ఆ కాగితమే వాళ్లకు కేసు షీటు.

వచ్చే ప్రసంగం దాకా సెలవు.